చెమ్మగిల్లు గోడలు, పెచ్చులూడు రంగులు

ధనుర్మాసము ప్రవేశించగనే కోస్తా గ్రామములలో ఇండ్లకు వెల్లవేయు సందడి మొదలగును. తెలంగాణమున ఈ పని చాలచోట్ల దసరాకు ముందే జరుగును. పండుగనాటికి గోడలు తెల్లగా మెరయును. గడపకు పసుపు, గోడ అడుగున జాజు పట్టీ, ముంగిట ముగ్గు, ఇవన్నియు చూచువారికి కన్నులపండువుగా నుండును. ఇది తరతరాలుగా వచ్చు ఆచారము. అయితే ఇటీవలి కాలమున వెల్ల స్థానమును డబ్బాలలో దొరకు రంగులు ఆక్రమించినవి. వానితోపాటు వెల్లనాడు లేని ఒక చిక్కు కూడ ఇంటికి వచ్చినది. ఒక వర్షకాలము గడచునప్పటికి రంగు బొబ్బలెక్కును, పెచ్చులుగా ఊడును, అడుగున తెల్లని ఉప్పు పొడి రాలును. ఇంటివారు రంగును నిందింతురు. రంగు వేసినవాడు గోడను నిందించును. రెండు మాటలలోను కొంత నిజము లేకపోలేదు కాని అసలు దోషి నీరు. ఆ నీరు ఎచటినుండి వచ్చుచున్నదో కనిపెట్టక ఎన్నిమారులు రంగు వేసినను ఆ ధనము గోడపాలే.

మేము చూచిన ఒక ఇంటి సంగతి చెప్పెదము. కాలువకు దగ్గరగా, వరి మళ్ళను ఆనుకొనియున్న ఒక గ్రామములో ఒక రైతు తన కుమార్తె వివాహమునకై ఇంటికి ఖరీదైన ప్లాస్టిక్ రంగు వేయించెను. పుష్యమాసమున వేసిన రంగు పెండ్లినాటికి చక్కగనే యుండెను. కార్తికమునకు వీధివైపు గోడ నడుము ఎత్తు వరకు పొక్కులు పొక్కులుగా లేచినది. అల్లుడు పండుగకు వచ్చునాటికి బాగుండవలెనని గీకించి, పుట్టీ పెట్టించి, మరల అదే రంగు వేయించెను. రెండవ సంవత్సరము పొక్కులు మునుపటికంటె జానెడు ఎత్తున కనబడినవి. ఇక లాభము లేదని ఆ భాగమునకు పలకలు అతికించవలెనని పెద్దకుమారుడు నిశ్చయించెను. పలకలకు బయానా ఇచ్చుటకు ముందు ఒకసారి చూడుడని కోరగా, మేము ఒక ముదుసలి తాపీమేస్త్రిని వెంటబెట్టుకొని పోతిమి.

ఆయన గోడవంక చూడనేలేదు. వీధివంక చూచెను. ఇల్లు కట్టిననాడు వీధికంటె మూడుమెట్లు ఎత్తుననున్నదట. తరువాత కంకర రోడ్డు పడినది, దానిమీద సిమెంటు రోడ్డు పడినది, దానిమీద ఇంకొకటి పడినది. ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలినది. అనగా, పునాదిపై చెమ్మ పైకెక్కకుండ నాడు వేసిన సిమెంటు కాంక్రీటు వరుస నేడు మట్టిలో పూడిపోయినది. వీధి నీరు గోడకు ఆని నిలుచుచున్నది. ఇంటి ప్రక్కన, గోడకు ఆనించియే, పశువుల కుడితి తొట్టి కలదు. రోగము గోడది కాదు, రంగుది అంతకన్న కాదు.

గోడలోనికి నీరు ప్రవేశించు త్రోవలను తెలిసికొన్నచో తక్కినదంతయు సులభము. మొదటిది భూమి. ఇటుకలోను, సున్నములోను, మట్టిలోను కంటికి కనబడని సన్నని నాళములు కోట్లకొలది యుండును. దీపపు వత్తి నూనెను పీల్చుకొన్నట్లు అవి నేలలోని తడిని పైకి పీల్చుకొనును. సామాన్యముగా ఈ చెమ్మ నేలనుండి మూడడుగుల ఎత్తువరకు ఎక్కును. అచట గాలికి, ఎండకు ఆవిరియగుచుండును. కాబట్టి గోడ అడుగుభాగమున ఇంచుమించు ఒకే ఎత్తున, పొడవునా, అలలవంటి అంచుతో కనబడు మరక నేల చెమ్మయని గుర్తింపవలెను. గోడకు బయట గట్టి సిమెంటు పూత గాని, పలకలు గాని, ఆవిరిని పోనీయని రంగు గాని వేసినచో ఆ చెమ్మ ఆగదు. త్రోవ దొరకునంతవరకు ఇంకను పైకెక్కును. పై రైతు ఇంట రెండవయేట పొక్కులు జానెడు ఎత్తున కనబడుటకు కారణమిదియే. పలకలు అతికించియున్నచో కిటికీ అడుగువరకు పోయెడిది.

రెండవ త్రోవ ఆకాశము. పిట్టగోడ నెత్తిన పగుళ్ళు, శ్లాబుపై నీరు నిలుచుట, పొట్టి తూములు, సజ్జలు లేని కిటికీలు దీనికి కారణములు. మరక పైనుండి క్రిందికి నాలుకవలె దిగినచో వాన నీరని తెలియును. మూడవది ఇంటిలోపలి నీరు, అనగా స్నానాలగది, గోడలో దాచిన గొట్టము, డాబామీది తొట్టి. ఈ మరక వేసవిలోను ఆరదు. నాల్గవదానిని చాలమంది లెక్కలోనికి తీసికొనరు. అది ఇల్లు కట్టునప్పుడు మనము పోసిన నీరే. ఇటుకలను తడిపితిమి, సున్నము సిమెంటు కలిపితిమి, పూతపై దినములకొలది నీరు చల్లితిమి. ఆ నీరంతయు గోడ కడుపులో నుండును. అంగుళము మందము గోడ ఆరుటకు ఒక నెల పట్టునని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెప్పుదురు. తొమ్మిదంగుళముల గోడ రెండువైపుల గాలి తగిలినను ఆరుటకు నెలలు పట్టును. గృహప్రవేశ ముహూర్తమునకు అందవలెనని పచ్చిగోడకు రంగు పూయుట బానలో తడిబట్టలు కుక్కి మూతపెట్టుటవంటిది.

నీరు ఒంటరిగా రాదు. దానివెంట ఉప్పు వచ్చును. చౌడు నేలలలోను, సముద్రతీరమునను, సరిగా కాలని ఇటుకలలోను, కడుగని ఇసుకలోను లవణములు సమృద్ధిగా నుండును. నీరు వానిని కరగించుకొని పైకి తెచ్చును. తాను ఆవిరియై పోవును, ఉప్పును విడిచిపోవును. ఆ ఉప్పు గోడ పైతలమున పేరుకొన్నచో తెల్లని నూగుగా కనబడును. అంతవరకు హాని స్వల్పము. రంగు పొర అడ్డముగా నున్నప్పుడు ఉప్పు దాని వెనుకనే గట్టిపడి స్ఫటికములై పొరను ముందుకు నెట్టును. కొన్ని లవణముల బలము మనము ఊహింపలేము. సోడియం సల్ఫేటు పొడిగా నున్నప్పటి పరిమాణమునకు తడిని పీల్చి స్ఫటికమైనప్పుడు మూడింతలకు పైగా ఉబ్బును. రంగునే కాదు, ఇటుక ముఖమునుకూడ పిండి చేయగలదు.

పశువుల మూత్రము, పేడకుప్పలు గోడకు ఆనియున్నచోట నైట్రేటు లవణములు చేరును. ఇవి గాలిలోని తేమను కూడ పీల్చుకొనును. కాన వాన లేకున్నను ముసురు పట్టినంతనే గోడ చెమర్చును. పూర్వపు ఊరిదిబ్బల పాటిమట్టిని రైతులు పొలములకు తోలుకొనుట ఈ లవణముల బలము ఎరిగియే. పైరునకు మేలుచేయు ఆ మట్టితో గోడ పెట్టినచో ఆ బలమే గోడకు చేటగును.

ఇన్ని బాధలు వెల్లవేసిన ఇండ్లకు లేవా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నవి. కాని వెల్ల గోడను ఊపిరాడనిచ్చును. చెమ్మ దానిగుండ ఆవిరియై పోవును, ఉప్పు పైకి వచ్చి రాలిపోవును. ఏటేట మరల వేయు ఆచారముచేత మరుగున పడును. గోడ అడుగున మన స్త్రీలు అలుకు జాజు పట్టీ గూడ ఇట్టిదే. మిక్కిలి చెడు భాగమునకు మిక్కిలి చవుకయైన, ఎన్నిమారులైనను మార్చుకొనదగిన పూతను వారు ఏర్పరచిరి. అందముకొరకే అని తలచినవారు ఆ పట్టీ మూడడుగుల లోపలనే ఎందుకుండునో ఒకసారి ఆలోచింపవలెను. అట్లని డబ్బారంగులు చెడ్డవని మేము చెప్పుటలేదు. ఆరిన గోడపై, మంచి చూరు క్రింద, అవి యేండ్ల తరబడి నిలుచును. తడి గోడకు మాత్రము అవి తగవు.

ఇంకొకటి. పెంకుటిండ్లకు, తాటాకు ఇండ్లకు చూరు గోడను దాటి రెండుమూడడుగులు ముందుకు వచ్చెడిది. దానిక్రింద అరుగు, వసారా. వాన గోడను తాకుటయే అరుదు. నేడు మనము కట్టుకొను శ్లాబు ఇండ్లలో పెక్కింటికి చూరే లేదు. గోడ నేరుగా ఆకాశమునకు తెరచియున్నది. కప్పు మారినది గాని గోడను కాపాడు ఉపాయము మారలేదు. చిక్కులలో సగము ఇచటనే పుట్టినది.

ఇక నివారణ. ఇల్లు కట్టబోవువారు పునాది లేచి బేస్‌మట్టమునకు వచ్చినప్పుడు గోడ మందమంతయు కప్పునట్లు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్ళలో కలిపిన కాంక్రీటును అంగుళమున్నర నుండి రెండంగుళముల మందమున, చెమ్మను ఆపు మందు కలిపి, ఎడము లేకుండ వేయించవలెను. నున్నని బండలు చవుకగా దొరకు కడప, తాండూరు ప్రాంతములవారు బండలను మంచి సిమెంటు అతుకులతో పరచినను చెమ్మ ఆగును. ఈ వరుసకు అగు ఖర్చు ఇంటి ఖర్చులో బహు స్వల్పము. తరువాత వేయవలెనన్నచో దుర్ఘటము. ఇది బయటి నేలకు కనీసము అరడుగు ఎత్తున నుండవలెను. వీధి రోడ్డు పెరుగునని ముందే తలచి ఇంకను ఎత్తు పెట్టుట మేలు. వీధికి క్రొత్త రోడ్డు వేయునప్పుడు పాతదానిని త్రవ్వి తీసి, అదే మట్టమున వేయుడని పంచాయతీ సభలో అడుగుట గృహస్థుల హక్కు. ఒక్కరు అడిగినచో చెవిని బెట్టరు, వీధివారందరు అడుగవలెను.

శ్లాబు నీటి సంగతి ఒక చిన్న లెక్కతో చెప్పెదము. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల శ్లాబుపై 50 మిల్లీమీటర్ల వాన, అనగా తుపాను దినములలో కోస్తాకు క్రొత్తగాని వాన, కురిసినచో 5,000 లీటర్ల నీరగును. తూములు రెండే యున్నచో ఒక్కొక్క తూము క్రింద 2,500 లీటర్లు. జానెడు పొడవు తూమునుండి ఆ నీరు గోడమీదనే కారును, గోడ మొదటనే పడును. కాన తూమునకు గొట్టము తగిలించి నేలవరకు దించి, అచటినుండి కాలువతో దూరముగా పంపవలెను. పిట్టగోడ నెత్తిన పూత చదునుగా గాక శ్లాబువైపునకు వాలుగా నుండవలెను. సజ్జ అడుగున, అంచునకు ఒక అంగుళము లోపలగా, వేలు దూరునంత గాడి తీయించినచో నీటిచుక్క గాడిని దాటలేక అచటనే క్రింద పడును. గాడి లేనిచో అదే చుక్క సజ్జ అడుగు పట్టుకొని గోడకు పాకును. మేస్త్రికి పూటపని. అడుగనిదే చేయరు. ఇంటిచుట్టు రెండుమూడడుగుల వెడల్పున, బయటికి వాలుగా, గచ్చు గాని బండలు గాని వేయవలెను. పూలమొక్కలు నాటవలెనన్న దానికి ఆవల నాటవలెను. గోడకు ఆనించి పాదుచేసి నీరుపోయు అలవాటు మాత్రము మానవలెను.

పాడైన గోడను బాగుచేయుటకు ముందు ఒక పరీక్ష చేయవచ్చును. అరచేయి రెండింతలంత ప్లాస్టిక్ కాగితమును గోడకు నాలుగు అంచుల గాలిచొరకుండ అంటించి, రెండు దినములు విడువవలెను. కాగితము లోపలివైపు నీటిబిందువులు కనబడినచో గోడలోనే చెమ్మ యున్నదని అర్థము. పైవైపు మాత్రమే తడిసినచో ఆ తడి గాలిలోనిది. పరీక్షను ముసురు లేని దినములలో చేయవలెను. తరువాత కర్రతో గాని వ్రేళ్ళ కణుపులతో గాని గోడను తట్టి చూడవలెను. డొల్లమ్రోత వచ్చినచోట పూత ఇటుకను విడిచినదని తెలియును.

బాగుచేయు క్రమములో మొదటిపని నీటి త్రోవను మూయుట. రెండవపని ఏమియు చేయకుండుట. ఈ రెండవదే కష్టము. ఊడిన రంగును, డొల్లయైన పూతను మరకకు ఒక అడుగు పైవరకు చెక్కివేసి, ఇటుకల సందులను అరంగుళము లోతున గీకి, గోడను ఒక వేసవి అట్లే విడువవలెను. ఇల్లు చూచుటకు బాగుండదు. చుట్టములు అడుగుదురు. ఐనను ఇంతకు మించిన మందు లేదు. ఆరుచున్న గోడపై ఉప్పు తెల్లగా పొంగును. దానిని పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని ఎత్తి దూరముగా పారవేయవలెను. నీటితో కడుగరాదు. కడిగినచో ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. ఉప్పు విస్తారముగా నున్నచో ఉప్పులేని మెత్తని బంకమట్టిని ముద్దచేసి గోడకు దళసరిగా పట్టించి, అది పూర్తిగా ఆరి బీటలువారిన పిదప ఒలిచివేసినచో కొంత ఉప్పు మట్టితో వచ్చును. పొంగుట తగ్గువరకు ఇట్లు చేయవలెను.

తరువాత పూత. సిమెంటు ఎక్కువ వేసిన పూత గట్టిదని మనవారి నమ్మకము. చెమ్మ గోడకు అది మేలుకాదు. సిమెంటు ఒకపాలు, సున్నము ఒకపాలు, కడిగిన ఇసుక ఆరుపాళ్ళు కలిపిన పూత గోడతోపాటు ఊపిరి తీయును, పగుళ్ళు తక్కువ. మట్టి అడుసుతో కట్టిన పాతగోడలకు సిమెంటు లేని సున్నపు పూతయే ఉత్తమము. గోడకు తొలులు పెట్టి చెమ్మనాపు ద్రావకమును ఎక్కించు పద్ధతి ఇప్పుడు వచ్చినది. సిమెంటుతో కట్టిన ఇటుక గోడలలో అది కొంత పనిచేయును. మట్టితో కట్టిన గోడలలోను, రాతిగోడలలోను దానిని నమ్మి ధనము వెచ్చించుటకు మేము సలహా ఇయ్యము.

పూత వేసిన పిదప ఏడుదినములు నీరు చల్లి, అటుపై కనీసము నాలుగువారములు ఆరనీయవలెను. పచ్చి సిమెంటులోని క్షారము నూనెరంగును సబ్బువలె మార్చి జిగటచేయును. అందుచేత బయటిగోడలకు నూనెరంగు తగదు, క్షారమునకు ఓర్చు ప్రైమరు తప్పనిసరి. బయట ప్లాస్టరాఫ్ పారిస్ పుట్టీ పెట్టరాదు. అది తడికి మెత్తబడును. తెల్లసిమెంటు పుట్టీని మాత్రమే వాడవలెను.

చెమ్మ పూర్తిగా పోదని తోచిన గోడకు వెల్లయే శరణ్యము. దానినైనను సరిగా చేయవలెను. రాతిసున్నము కిలోకు ఐదు లీటర్ల నీరు చొప్పున తడిపి కలియబెట్టి, ఒక దినమంతయు నిలువయుంచి, ముతకబట్టలో వడియగట్టి, పది లీటర్ల సున్నపు తేటకు 40 గ్రాముల జిగురును వేడినీటిలో కరగించి కలుపవలెను. పలుచగా మూడుపూతలు వేసినచో చేతికి అంటదు. పొడిగా దొరకు సిమెంటు రంగు కూడ బయటిగోడలకు యోగ్యమైనదే. కాని పాత వెల్లను పూర్తిగా గీకనిచో అది పట్టదు. గోడను ముందు తడిపి వేయవలెను. కలిపినదానిని గంటలోపల వాడవలెను. వేసిన మరునాడు నీరు చల్లవలెను.

పాచి పట్టిన గోడపై రంగు వేసినచో పాచి రంగును చీల్చుకొని వచ్చును. పది లీటర్ల నీటికి అరకిలో బ్లీచింగు పొడి కలిపి, తేరిన నీటిని పూసి, కొంతసేపటికి తోమి, కడిగి, ఆరనీయవలెను. దీనిని మరుగుదొడ్డి కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు, ప్రాణాపాయకరమైన వాయువు పుట్టును. సున్నము కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను. పాత నూనెరంగులను గీకునప్పుడు ముక్కునకు గుడ్డ చాలదు, మంచి ముసుగు ధరింపవలెను. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన రంగులలో అంతకంటె ఎక్కువ యుండవచ్చును. ఆ దుమ్ము పసిపిల్లలకు మిక్కిలి కీడు. గీకు దినములలో వారిని ఆ దరికి రానీయరాదు, రాలినదానిని తడిపి ఎత్తవలెను.

మిగిలినది కాలనిర్ణయము. నైఋతి వానలు జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఈశాన్య వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు. దసరాకు ముందు తెలంగాణపు గోడ అప్పుడే వాననుండి బయటపడుచుండును. సంక్రాంతికి కోస్తా గోడయు, అందు విశేషించి నెల్లూరు మండలపు గోడయు, ఆ స్థితిలోనే యుండును. పండుగకు వెల్ల వేయుడు, జాజు పూయుడు. ఆచారము నిలుచును, గోడయు ఆరుచుండును. డబ్బారంగు వేయవలెనన్నచో శివరాత్రి దాటనీయుడు. ఫాల్గుణ చైత్రములు దానికి తగిన కాలము. అప్పుడును నడియెండలో గాక, నీడ తిరిగిన గోడకు వేయించుడు.

పై రైతు ఇంట ఆ విధముగనే చేసిరి. పలకలు మానిరి. వీధివైపు గోడ పొడవునా మూరెడు లోతున మట్టితీసి, రాయి కట్టి, నీరు కాలువలోనికి పోవునట్లు చేసిరి. కుడితి తొట్టిని దొడ్డి చివరకు మార్చిరి. ఇల్లాలికి ఇది నచ్చలేదు, తొట్టి దూరమైనదని ఇప్పటికిని అనుచుండును. ఒక వేసవి గోడ ఇటుకలు బయటపడి యున్నది. రెండవ వేసవికి పైభాగమునకు రంగు, అడుగు మూడడుగులకు వెల్ల, దానిపై జాజు పట్టీ వేయించిరి. రెండు వర్షకాలములు గడచినవి. రంగు నిలిచియున్నది. తొట్టి యుండిన మూల మాత్రము ముసురు పట్టినపుడు అరచేయంత మేర నేటికిని చెమర్చును. అచట ఇల్లాలు నెలకొకసారి వెల్ల పూయుచున్నది.